గడ్డి ఇళ్ళ ఊరు - నీటి ఫిరంగులు

పిల్లలూ! ఫైర్ స్టేషను మీలో చాలామంది చూసే ఉంటారు. ఎర్ర ఇంజను, దాని మీద నిచ్చెన, చుట్టలు చుట్టిన గొట్టాలు, ఫోను మోగగానే పరుగెత్తుకొచ్చే మనుషులు. అది వాళ్ళ ఉద్యోగం. ఇల్లు తగలబడితే వాళ్ళు వస్తారన్న ధైర్యంతో మనం నిద్రపోతాం.

ఈ నెల మనం చూడబోయే ఊరు అట్లాంటిది కాదు. అది కొండల నడుమ ఉన్న చిన్న ఊరు. అక్కడి ఇళ్ళ కప్పులన్నీ గడ్డివే. అందులోనూ మామూలు కప్పులు కావు, ఒక్కొక్కటి మూడు నాలుగు అంతస్తుల ఎత్తు లేచిన గడ్డి కొండలు. ఒక్క ఇల్లు అంటుకుంటే చాలు, ఊరంతా పోవచ్చు. అటువంటి ఊళ్ళో మనుషులు వందల ఏళ్ళుగా కాపురం చేస్తున్నారు. రోజూ పొయ్యి వెలిగిస్తూనే ఉన్నారు. ఎట్లా? అది చూడటానికే మన ప్రయాణం.

ఊరి పేరు ఒగిమాచి. జపాను దేశంలో, హోన్షూ అనే పెద్ద దీవి నడిబొడ్డున, గిఫు జిల్లాలో షిరకవ అనే గ్రామం ఉన్నది. ఆ గ్రామం కింద కొండలోయలో చెదురుమదురుగా చాలా పల్లెలున్నాయి. వాటిలో పెద్దది ఒగిమాచి. పెద్దది అన్నానని పొరబడకండి. అక్కడ ఉండేది ఐదారు వందల మంది మాత్రమే. షిరకవ మొత్తం కలిపినా 1,500 మందికి అటూ ఇటూగా ఉంటారు.

తకయమా అనే పట్టణంలో బస్సు ఎక్కితే గంట లోపునే ఒగిమాచి చేరతాం. దారిలో ఒక సొరంగం వస్తుంది. దాని పేరు హిద సొరంగం, పొడవు 10 కిలోమీటర్ల పైచిలుకు. బస్సు దాంట్లో దూరిన తరువాత, "ఇంకా బయటికి రాలేదేం?" అని మీరు రెండు మూడు సార్లయినా అడుగుతారు. ఈ సొరంగం తెరిచింది 2008లో. అంతకుముందు కొండలు చుట్టి, మెలికలు తిరిగిన దారుల్లో పోవలసిందే. మంచు బాగా పడితే అదీ కష్టమే. అందువల్లనే ఈ లోయ చాలాకాలం లోకానికి దూరంగా ఉండిపోయింది. ఏ ఆపద వచ్చినా ఎవరో వచ్చి ఆదుకుంటారని కూర్చునే వీలు ఇక్కడివారికి ఎన్నడూ లేదు.

బస్సు దిగి చూడండి. ఒక పక్క షో నది పారుతున్నది. నదికీ కొండకూ నడుమ వరిమళ్ళు. మళ్ళ మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పెద్ద పెద్ద గడ్డి ఇళ్ళు. ఇళ్ళన్నీ ఒకే దిక్కుకు తిరిగి, బారులు తీరిన సైనికుల్లా ఉన్నాయి గదూ! లోయ ఉత్తర దక్షిణాలుగా సాగింది, గాలి కూడా ఆ వైపు నుంచే కొడుతుంది. ఇంటి సన్నని ముఖాన్ని గాలికెదురుగా పెడితే పెద్ద కప్పు మీద గాలి తాకిడి తగ్గుతుంది. అంతే కాదు, కప్పు రెండు వాలులూ తూర్పుకూ పడమరకూ ఉంటాయి గనుక పొద్దున ఒక వాలుకు, సాయంత్రం ఒక వాలుకు ఎండ తగిలి గడ్డి ఆరుతుంది.

ఈ ఇళ్ళ తీరును 'గస్షో' అంటారు. గస్షో అంటే రెండు అరచేతులూ జోడించడం. మన నమస్కారమే! మీ చేతులు జోడించి, వేళ్ళకొసలు తాకుతూ ఉండగా మణికట్లు కాస్త ఎడం చేసి చూడండి. ఆ ఇంటి కప్పు అచ్చం అట్లాగే ఉంటుంది. వాలు దాదాపు 60 డిగ్రీలు.

అంత ఏటవాలు ఎందుకంటే మంచు కోసం. చలికాలంలో సైబీరియా నుంచి చలిగాలులు బయలుదేరి జపాను సముద్రం దాటుతాయి. దాటుతూ తేమ తాగుతాయి. ఈ కొండలకు కొట్టుకొని, పైకి లేచి, తాగిన తేమనంతా మంచుగా కక్కేస్తాయి. ఒగిమాచిలో మనిషి ఎత్తున మంచు పేరుకోవడం వింత కాదు. కప్పు బల్లపరుపుగా ఉంటే ఆ బరువుకు ఇల్లు కూలుతుంది. ఏటవాలుగా ఉంటే మంచు జారి కింద పడుతుంది.

ఇంకొక తమాషా. ఈ కప్పులో ఇనుప మేకు ఒక్కటి కూడా ఉండదు. వాసాలను గడ్డితాళ్ళతోనూ, మెలిపెట్టిన లేత కొమ్మలతోనూ కడతారు. గట్టిగాలి వీచినప్పుడు, మంచు బరువు పడినప్పుడు కట్లు కాస్త సాగి, మళ్ళీ సర్దుకుంటాయి. మేకు కొట్టిన కొయ్య అయితే చీలిపోతుంది.

ఇక లోపలికి పోదాం. చెప్పులు గుమ్మం దగ్గర విడవండి. నడిగదిలో నేల మధ్యన ఒక చదరపు గుంట ఉన్నది, అందులో బూడిద, నిప్పులు. పైనుంచి వేలాడే కొక్కేనికి కెటిలు తగిలించారు. ఈ పొయ్యిని 'ఇరోరి' అంటారు. పొగగొట్టం ఏదీ? లేదు. పొగ తిన్నగా పైకి పోతుంది. పై అంతస్తుల నేలలో సందులు వదిలారు, వాటిలో నుంచి కప్పుదాకా పోతుంది.

"అయ్యో, గడ్డికప్పు కింద పొయ్యా!" అని మీకు అనిపిస్తుంది. నిజమే. కాని ఆ పొయ్యి లేకపోతే ఈ కప్పు ఎక్కువ కాలం నిలవదు. పొగ పట్టిన గడ్డికి పురుగు పట్టదు. తాళ్ళు కుళ్ళవు. వేడికి గడ్డిలోని చెమ్మ ఆరుతుంది. మన పల్లెల్లో వంటింటి చూరులో విత్తనపు మొక్కజొన్న కంకులు వేలాడదీసేవారు, మీ తాతమ్మలను అడగండి. పొగకు వాటికీ పురుగు పట్టదు. ఇక్కడ ఇంటి కప్పునే అట్లా పొగపెట్టి దాచుకున్నారన్నమాట. నిప్పు లేకపోతే ఇల్లు కుళ్ళుతుంది. నిప్పు కాస్త జారితే ఇల్లు కాలుతుంది. రెంటి మధ్యా బతకాలి.

పై అంతస్తులు పట్టుపురుగుల కోసం. కింది పొయ్యి వెచ్చదనం పైకి పోయి పురుగులను కాపాడేది. ఆ పురుగుల పెంటకూ ఒక ఉపయోగం ఉండేది. దాన్ని, గడ్డిని, మట్టితో కలిపి ఇంటి నేల కింద గోతుల్లో ఏళ్ళ తరబడి మాగబెట్టి సురేకారం తీసేవారు. సురేకారం అంటే తుపాకిమందులో కలిపే ఉప్పు. అది తనంతట తాను మండదు గాని, పక్కనున్నదాన్ని భగ్గున మండిస్తుంది. పైన గడ్డి, నడుమ పొయ్యి, కింద సురేకారం! తరువాత విదేశాల నుంచి చవకగా సురేకారం రావడంతో ఆ పని ఆగిపోయింది. మంచిదే అయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గడ్డిఇల్లు అంటుకుంటే ఆర్పడం ఎందుకంత కష్టం?

గడ్డి తేలికగా మండుతుందని అందరికీ తెలుసు. పరక సన్నన, పరకల మధ్య గాలి. మంటకు ఇంతకన్న ఏం కావాలి? కాని దీన్ని మించిన చిక్కు ఒకటుంది. గడ్డి కప్పేవాడు దాన్ని ఎందుకు కప్పుతాడు? పైన పడ్డ నీరు ఒక్క చుక్క కూడా లోపలికి దిగకుండా జారిపోవాలని. రెండు అడుగుల మందాన, 60 డిగ్రీల వాలున, పరక మీద పరక పేర్చి కప్పుతాడు. అట్లాంటి కప్పు లోపల నిప్పు రాజుకున్న తరువాత మనం పైనుంచి ఎన్ని నీళ్ళు కొట్టినా ఏమవుతుంది? వాననీటిలాగానే అదీ జారిపోతుంది! లోపలి నిప్పు లోపలే పాకుతుంది. అందుకని గడ్డికప్పు అంటుకుంటే ఆర్పేవాళ్ళు గడ్డిని పీకి, పాయలు తీసి మరీ తడపవలసి వస్తుంది. వాన నుంచి కాపాడిన గుణమే నిప్పు దగ్గర శత్రువైంది.

రెండవది, నిప్పురవ్వలు. పెద్ద మంట వేడిగాలిని పైకి తోస్తుంది. దానితో మండుతున్న పరకలు ఎగిరి, గాలివాటున పోయి, దూరపు ఇంటి కప్పు మీద వాలుతాయి. మన కోస్తా పల్లెల్లో పూర్వం ఎండాకాలంలో ఒక పాక అంటుకుంటే వాడకు వాడే కాలిపోయేది ఇందువల్లనే.

ఇటువంటి చోట ఎంత పెద్ద ఇంజను వచ్చినా, వచ్చేలోపల జరగవలసింది జరిగిపోతుంది. మొదటి కొద్ది నిమిషాల్లో అక్కడున్న మనిషి ఏం చేశాడన్నదే లెక్క. అక్కడుండే మనిషి ఎవరు? ఆ ఇంటివాడు, పక్కింటివాడు, ఎదురింటి ముసలమ్మ.

జపానులో జీతం తీసుకొని పనిచేసే అగ్నిమాపక దళాలు కాక, ప్రతి ఊళ్ళోనూ 'షోబోదన్' అనే స్వచ్ఛంద దళం ఉంటుంది. అందులో చేరినవాళ్ళు రైతులు, దుకాణదారులు, వడ్రంగులు, గుమాస్తాలు. 18 ఏళ్ళు నిండినవారు చేరవచ్చు. మగవాళ్ళే చేరాలని లేదు, ఆడవాళ్ళూ ఉంటారు. ఏడాదికి చిన్న మొత్తం భత్యంగా ఇస్తారు గాని, దానితో సంసారం గడవదు. సైరను మోగితే చేతిలో పని అక్కడే వదిలి పరుగెత్తాలి. వీళ్ళకు ఊళ్ళో ఒక కొట్టం ఉంటుంది. అందులో చిన్న పంపు, గొట్టాలు, ఇనుపటోపీలు, మందపు కోట్లు పెట్టుకుంటారు.

ఇది ఇవాళ పుట్టిన ఏర్పాటు కాదు. టోక్యోను పూర్వం ఎదో అనేవారు. అది పూర్తిగా కొయ్యఇళ్ళ నగరం. అక్కడ 1720లో పేటపేటకూ పౌరుల దళాలను ఏర్పరచి, వాటికి జపాను అక్షరమాలలోని అక్షరాలను పేర్లుగా పెట్టారు. ఆ దళాలవాళ్ళు నీళ్ళు చల్లి ఆర్పడం తక్కువ. చల్లడానికి చాలినన్ని నీళ్ళేవి? గాలి ఏ వైపు వీస్తున్నదో చూసి, ఆ వైపు ఇళ్ళను మంట చేరకముందే కూల్చేసేవారు. మండటానికి ఏమీ దొరక్క మంట అక్కడ ఆగిపోయేది. తెలివైన పద్ధతే. కాని ఒగిమాచిలో ఆ ఉపాయం పనికిరాదు. ఒక్కొక్క ఇల్లూ ఒక్కొక్క కోటలాంటిది. ఎవరు కూల్చగలరు, ఎంతసేపటికి కూల్చగలరు?

కాబట్టి ఇక్కడివాళ్ళు ముందు జాగ్రత్తనే నమ్ముకున్నారు. రోజులో కొన్ని వేళలకు ఊరివాళ్ళు వంతుల ప్రకారం వీధుల వెంట గస్తీ తిరుగుతారు. చేతిలో రెండు కొయ్యముక్కలుంటాయి. మన భజనచిడతల వంటివే గాని గజ్జెలుండవు. వాటిని టక్కు టక్కుమని కొడుతూ "హి నో యోజిన్!" అని కేక వేస్తారు. "నిప్పు జాగ్రత్త!" అని దాని అర్థం. కేక విన్న ఇల్లాలు ఒకసారి పొయ్యివంక చూసుకుంటుంది. ఒక తాత చుట్ట ఆర్పాడో లేదో తడుముకుంటాడు. ఈ వంతు ధనవంతుడికీ పేదకూ ఒకటే. ఒక ఇంటివాళ్ళది అయిపోగానే పక్కింటివాళ్ళకు పోతుంది.

ఈ పద్ధతి మనకు ఆశ్చర్యంగా కనిపించవచ్చు గాని, ఒగిమాచివాళ్ళకు అలవాటే. అక్కడ కప్పు మార్చడం కూడా అట్లాగే జరుగుతుంది. 30, 40 ఏళ్ళకొకసారి ఇంటికి కొత్తగడ్డి వేయాలి. ఆ గడ్డిని 'కయ' అంటారు, మన రెల్లుకు దగ్గరి చుట్టం. ఒక ఇంటివాళ్ళు చేసుకోవాలంటే నెలల తరబడి పడుతుంది, ఆలోగా వాన వస్తే సర్వనాశనం. అందుకని ఊరంతా వస్తుంది. నూరు మంది, ఒక్కొక్కసారి రెండువందల మంది కూడా, చీమల్లాగా కప్పు మీదకెక్కి ఒకటి రెండు రోజుల్లో పని తేల్చేస్తారు. కూలి లేదు, భోజనం ఉన్నది. ఎవరు ఎన్ని మోపుల గడ్డి తెచ్చారో, ఎవరు ఎన్నాళ్ళు పనిచేశారో రాసిపెట్టుకుంటారు. వాళ్ళింటికి కప్పు వేసేనాడు ఆ అప్పు తీర్చాలి. దీని పేరు 'యుయి'. మన రైతులు బదులుకు బదులుగా ఒకరి చేలో ఒకరు నాట్లు వేసుకోవడం లాంటిదే.

ఇంత జాగ్రత్త పడినా నిప్పు నిప్పే. అది అంటుకున్న ఘడియన ఏం చేయాలి? దానికి జవాబు ప్రతి ఇంటి దాపునా, పొలం గట్టు మీదా, దారి పక్కనా ఉన్నది. చూడండి, అక్కడక్కడా చిన్న చిన్న చెక్కగూళ్ళు కనబడుతున్నాయా? తెలియనివాళ్ళు ఏ దేవుడి గూడో అనుకుంటారు. తలుపు తీస్తే లోపల ఇనుప గొట్టం, దానికి తిరుగుడు మర, పైన ఫిరంగి మూతి లాంటి గొట్టపు నోరు. ఇది నీటి ఫిరంగి. ఒగిమాచిలో ఇటువంటివి 59 ఉన్నాయి.

గొట్టాలు విప్పడం, ఇంజను కోసం చూడటం, పంపు మోటారు తిప్పడం, ఈ బాధలేవీ లేవు. గూడు దగ్గరున్న మనిషి తలుపు తీసి, మూతిని గురిచేసి, మర తిప్పితే చాలు. నీరు ధారగా లేచి ఇంటి కప్పు నెత్తిమీద పడుతుంది.

మోటారు లేకుండా నీరు అంత ఎత్తుకు ఎట్లా లేస్తుంది? ఊరికి ఎగువన కొండ మీద నీటితొట్టి కట్టారు. అక్కడి నుంచి పెద్ద గొట్టాలు భూమిలో నుంచి ఊళ్ళోకి దిగుతాయి. తక్కిన పనంతా నీటి బరువే చేస్తుంది. ఒక లెక్క వేద్దాం. ఒక చదరపు సెంటీమీటరు అడుగుతో, 10 మీటర్ల ఎత్తున నీటి స్తంభం ఉన్నదనుకోండి. 10 మీటర్లంటే 1,000 సెంటీమీటర్లు. కాబట్టి దానిలో 1,000 ఘనపు సెంటీమీటర్ల నీరున్నది. దాని బరువు సరిగ్గా ఒక కిలో. అంటే నీరు 10 మీటర్ల ఎత్తున నిలబడితే అడుగున ప్రతి చదరపు సెంటీమీటరునూ కిలో బరువుతో నొక్కుతుంది. 20 మీటర్లయితే రెండు కిలోలు, 50 మీటర్లయితే అయిదు కిలోలు. మీ ఇల్లు మేడ అయితే, కింది అంతస్తు కుళాయి ఎంత జోరుగా వస్తుందో, పై అంతస్తు కుళాయి ఎంత నీరసంగా వస్తుందో మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. డాబామీది ట్యాంకుకు పై అంతస్తు మరీ దగ్గర. అదే సంగతి.

అగ్నిప్రమాదంలో మొట్టమొదట చెడిపోయేది కరెంటు. కరెంటు పోతే పంపు ఆగుతుంది. కొండ ఎత్తు మాత్రం ఎక్కడికీ పోదు.

నీటి ఫిరంగి పని మండుతున్న ఇంటిని ఆర్పడం అనుకుంటారు మీరు. దాని ముఖ్యమైన పని అది కాదు. చుట్టూ ఉన్న ఇళ్ళను కాపాడటం! మంటలో చిక్కిన కప్పు లోపల నీరు దూరదని చెప్పుకున్నాం గదా. కాని పక్కింటి కప్పు పైపొర తడిసి ఉంటే, దాని మీద వాలిన నిప్పురవ్వ ముందు ఆ తడిని ఆర్చుకోవాలి. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే 100 డిగ్రీలకు తేవడానికి 70 కెలోరీల వేడి కావాలి. మరిగే నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి మరో 540 కెలోరీలు కావాలి. ఇంత వేడిని ఒక చిన్న నిప్పురవ్వ ఎక్కడినుంచి తెస్తుంది? తడి మీద పడి చుయ్యిమని చస్తుంది. అంతేకాక గాలిలో పరచుకున్న నీటి తెర ఎగిరివచ్చే రవ్వలను దారిలోనే పట్టేస్తుంది.

ఏటా శరత్కాలం చివర, మంచు పడటానికి ముందు, ఈ ఫిరంగులన్నిటినీ ఒక్కసారి పరీక్ష చేస్తారు. సైరను మోగుతుంది. ఎవరి గూటి దగ్గరికి వాళ్ళు పరుగెత్తుతారు. క్షణాల మీద ఊరంతటా నీటిధారలు లేచి, గడ్డికప్పుల మీదుగా వంగి, ఒకదానినొకటి దాటుకుంటూ పడతాయి. ఎండ ఉంటే ఇంద్రధనుస్సులు కూడా. కొండమీద నిలబడి చూస్తే ఊరు ఒక పెద్ద చిమ్మనగ్రోవుల తోటలా ఉంటుంది. ఈ ముచ్చట చూడటానికి దూరదూరాల నుంచి జనం కెమెరాలు పట్టుకొని వస్తారు. కాని ఊరివాళ్ళు చూసేది ఇంద్రధనుస్సును కాదు. ఏ మర బిగుసుకుపోయింది, ఏ ధార తన కప్పును అందుకోలేదు, అది చూస్తారు.

ఈ పరీక్ష వేడుక కాదని 2019లో తేలింది. ఆ ఏడు అక్టోబరు 31న జపాను దక్షిణాన ఒకినావా దీవిలో పేరుపొందిన షూరి కోట ప్రధాన మందిరం కాలిపోయింది. దేశమంతా దిగాలు పడి ఉండగా, నాలుగు రోజులకే, నవంబరు 4న షిరకవలో నిప్పంటుకున్నది. ఒగిమాచికి నదికి అవతల, బండ్లు నిలిపే చోట ఉన్న రెండు చిన్న గుడిసెలు మండిపోయాయి. దాపులోనే, ఖాళీ అయిన పల్లెల నుంచి తెచ్చి నిలబెట్టిన పాత గస్షో ఇళ్ళ ప్రదర్శనశాల ఉన్నది. నీటి ఫిరంగులు లేచాయి. గుడిసెలు రెండూ పోయాయి. అంతటితో సరి. మనుషులెవ్వరికీ దెబ్బ తగలలేదు, పాత ఇళ్ళకు మంట అంటలేదు.

జపానులో మరొక అలవాటు కూడా ఉన్నది. 1949 జనవరి 26న హోర్యూజి అనే ప్రాచీన బౌద్ధాలయంలో నిప్పు పుట్టి, వెయ్యేళ్ళు దాటిన గోడబొమ్మలు మాడిపోయాయి. ఆ దుఃఖాన్ని మరచిపోకుండా 1955 నుంచి ప్రతి జనవరి 26న దేశమంతటా గుడులలో, పాతకట్టడాలలో మంటలార్పే అభ్యాసం చేస్తున్నారు.

ఒగిమాచి ఇళ్ళను నిప్పు కన్న ఎక్కువగా పొట్టన పెట్టుకున్నవి వేరే ఉన్నాయి. లోయలో కరెంటు కోసం ఆనకట్టలు కట్టారు. 1961లో పూర్తయిన మిబోరో ఆనకట్ట కింద ఎగువ పల్లెలు మునిగిపోయాయి. కొన్నిచోట్ల బతుకు తెరువు లేక జనం ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేసి పోయారు. పెద్ద గడ్డిఇళ్ళను కొందరు అమ్ముకున్నారు, కొందరు పడగొట్టి రేకుల ఇళ్ళు వేసుకున్నారు. అప్పుడు, 1971లో, ఒగిమాచివాళ్ళు కూడి ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఇల్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు. 1976లో ప్రభుత్వం ఊరిని రక్షిత ప్రదేశం చేసింది. 1995లో యునెస్కో వారు, పక్కనే ఉన్న గొకయమా పల్లెలతో కలిపి, ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు. ఇప్పుడు ఒగిమాచిలో చిన్నవీ పెద్దవీ కలిపి నూరుకు పైగా గస్షో కట్టడాలున్నాయి. అవి బొమ్మల కొలువు కాదు. వాటిలో చాలావాటిలో సంసారాలున్నాయి, పిల్లలు బడికి పోతున్నారు.

పేరు రావడంతో కొత్త చిక్కులూ వచ్చాయి. ఏటా పది లక్షలకు పైగా యాత్రికులు వస్తున్నారు. వాళ్ళలో ఒక్కడు సిగరెట్టు పీక విసిరినా ప్రమాదమే. అందుకే కేటాయించిన చోట తప్ప వీధుల్లో పొగతాగడం, బాణసంచా కాల్చడం అక్కడ నిషేధం. బోర్డులు అనేక భాషల్లో ఉన్నాయి. చదవని వాళ్ళు అన్ని భాషల్లోనూ ఉన్నారు!

ఇంకా పెద్ద చిక్కు మనుషుల కొరత. 1950లలో జపాను దేశం మొత్తం మీద స్వచ్ఛంద దళాల్లో దాదాపు 20 లక్షల మంది ఉండేవారు. 2022 నాటికి ఆ సంఖ్య 8 లక్షలకు దిగువ పడింది. చదువుకున్న పిల్లలు పట్నాలకు పోతున్నారు. ఉన్నవాళ్ళకు వయసు మీద పడుతున్నది. నీటి ఫిరంగి ఎంత గొప్పదైనా దాని తలుపు తీయడానికి ఒక చేయి కావాలి. అర్ధరాత్రి, మనిషి ఎత్తు మంచులో, గూటికి దారి తవ్వి ఉండాలి. ఆ దారి తవ్వేవాడు కావాలి. చాలా ఊళ్ళలో బడిపిల్లలకే అగ్నిమాపక సంఘాలు పెట్టి చిన్ననాటి నుంచి నేర్పుతున్నారు. అక్కడ పిల్లలకు నిప్పు కబురు చెప్పే ఫోను నంబరు 119. మన దేశంలో 101 అని మీకు తెలుసుననుకుంటాను. ఒకవేళ తెలియకపోతే ఇప్పుడే నేర్చుకోండి, చెల్లికీ తమ్ముడికీ కూడా చెప్పండి.

చివరగా, నీటి ఫిరంగిని మీరూ చేసి చూడవచ్చు. ఇంట్లో వద్దు, పెరట్లో. రెండు మీటర్ల సన్నని రబ్బరు గొట్టం, ఒక గరాటు తెచ్చుకోండి. గొట్టం ఒక చివర గరాటు బిగించండి. రెండవ చివర బాల్‌పెన్ను ఖాళీ మూతి ఒకటి దూర్చి, నేల దగ్గర పైకి తిప్పి పట్టుకోండి. స్నేహితుణ్ణి గరాటు ఎత్తి పట్టుకొని నీళ్ళు పోస్తూ ఉండమనండి. నడుము ఎత్తున పట్టుకుంటే ధార కొంచెం లేస్తుంది. తలమీదికి ఎత్తితే ఇంకా లేస్తుంది. అరుగు మీదికెక్కి పట్టుకుంటే ఇంకా ఎక్కువ. అయితే ఎంత ఎత్తినా ధార గరాటును దాటి పైకి మాత్రం పోదు. ఎందుకు పోదో ఆలోచించండి. తోచకపోతే మీ సైన్సు మాస్టారిని అడగండి.